వెనక్కి నడిచినవాడు

పొద్దున అయిదింటికి మా దగ్గర ఇంకా మసక చీకటే. బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే మర్రిచెట్లు రెండు పక్కలా ఊడలు దింపుకుని నిలబడి ఉంటాయి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారి, 900కు కాస్త అటూ ఇటూగా చెట్లు. రోడ్డు వెడల్పు చెయ్యాలని కొందరు, చెట్లు కొట్టొద్దని కొందరు, కేసుల దాకా పోయిన చెట్లివి. పొద్దున్నే వాటి కింద మూడు రకాల మనుషులు కనబడతారు. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలు తోలేవాళ్లు, చిలుకూరు బాలాజీ దగ్గర ప్రదక్షిణలు చెయ్యబోయేవాళ్లు, మిల్ట్రీకో పోలీసుకో సెలెక్ట్ కావాలని పరుగెత్తే పిల్లలు. నేను మొదటి రకం. ఎకరం గులాబీ, అరెకరం బంతి. కానీ ఇరవై నాలుగేళ్లు ఫౌజులో ఉండొచ్చాను కాబట్టి మూడో రకం వాళ్లు నన్ను వదలరు.

రోడ్డు మీద పరుగు మాన్పించాను. టిప్పర్లకు మనుషులు కనబడరు. ఇప్పుడు బడి గ్రౌండులోనే తిప్పుతున్నాను. 1600 మీటర్ల పరుగు, బీమ్ మీద పుల్లప్పులు, తొమ్మిదడుగుల గుంత దూకడం, వంకర కర్ర మీద తూలకుండా నడవడం. ఒకరోజు పరుగయ్యాక మోకాళ్ల మీద చేతులానించి రొప్పుతున్న ఒక పిల్లవాడు అడిగాడు.

"తాతా, నువ్వు ఇరవై నాలుగేండ్లు మిల్ట్రీల ఉన్నవ్ గదా. మరి నువ్వు హీరోవా?"

నేను నోరు తెరిచేలోపే పక్కవాడు అందుకున్నాడు. "హే, తాత డ్రైవర్ రా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక, బంతిపూలు కోస్తున్నంతసేపూ అదే మాట బుర్రలో తిరిగింది.

డ్రైవర్నన్నది నిజమే. 1989లో ఆర్మీ సర్వీస్ కోర్‌లో చేరి 2013లో హవల్దారుగా ఇంటికొచ్చాను. నేను మోసినవాటిలో తూటాల కంటే ఉల్లిగడ్డలు ఎక్కువ. ఆటా, పప్పు, కిరోసిన్ జెరికాన్లు, పొడి పాలు, ఒకసారి ఒక లారీడు మేకలు. కార్గిల్ యుద్ధం జరిగినప్పుడు రాజస్థాన్‌లో ఉన్నాను. ఆ ఏడు సెలవు మీద వస్తే ఊరంతా చుట్టూ చేరింది. "కార్గిల్ పోలేదా?" అని అడిగి, లేదనగానే ఎవరి పని మీద వాళ్లు వెళ్లిపోయారు. మా కాకా ఒక్కడే ఆగాడు. క్యాంటీన్ రమ్ము తెచ్చానా లేదా అని. మా వైపు చాలా ఊళ్లలో మిల్ట్రీ మనిషంటే గుర్తుండేది ఆ సీసాయే. నేనేమీ నొచ్చుకోలేదు. తెచ్చాను, ఇచ్చాను.

అసలు మన భాషలో హీరో అన్న మాట ఫౌజుది కాదు, సినిమాది. చిన్నప్పుడు మాకు హీరో అంటే గోడమీద పోస్టర్. సినిమా హీరోకో షరతుంది, వాడు చావకూడదు. చస్తే బొమ్మ ఆడదు. ఫౌజీకి షరతు తిరగబడింది. చస్తే గాని హీరో కాడు. ప్రాణంతో ఇంటికొస్తే డ్రైవరే, వంటవాడే, గుమాస్తానే. జెండా చుట్టిన పెట్టెలో వస్తే అదే మనిషికి రాత్రికి రాత్రే ఫ్లెక్సీ లేస్తుంది. హైదరాబాద్ వాడైన మేజర్ పద్మపాణి ఆచార్య విషయంలో ఈ ఇద్దరు హీరోలూ ఒక్కచోట కలిశారు. 1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో ఆయన కంపెనీని నడిపించుకుంటూ శత్రు బంకర్ల మీదకు పోయాడు. ముందు నడిచిన ప్లటూను దెబ్బతింది. తానే పాకుకుంటూ పోయి బంకర్లలోకి గ్రెనేడ్లు విసిరాడు. ఒళ్లంతా గాయాలయ్యాక తనను అక్కడే వదిలి ముందుకు పొమ్మని జవాన్లకు ఆజ్ఞ ఇచ్చాడు. పోస్టు దక్కింది, ఆయన దక్కలేదు. మహావీర చక్ర ఇచ్చారు. 2003లో వచ్చిన ఎల్‌ఓసీ కార్గిల్ సినిమాలో ఆయన వేషం నాగార్జున వేశాడు. మా పిల్లలకు ఆ సినిమా తెలుసు, నాగార్జున తెలుసు. వేషం ఎవరిదని అడిగితే ఒక్కడూ చెప్పలేకపోయాడు.

మరి ఫౌజులో ఉన్నవాడు హీరో ఎట్లా అవుతాడు? ఆ పిల్లవాడి ప్రశ్నను నేను తీసి పారెయ్యలేకపోయాను.

నాకు జవాబు దొరికే చోటు ఒకటుంది. రంగ్రూటుగా ట్రైనింగులో ఉన్న రోజుల్లోది. ఏ సెంటరో చెప్పను. గ్రెనేడ్ రేంజికి తీసుకుపోయారు. ఇసుక బస్తాల గోడ వెనక ఒక్కో రంగ్రూటు, పక్కన నేర్పించే ఉస్తాద్. చేతిలో 36 నంబర్ గ్రెనేడ్, మా తోట జామకాయంత. పిన్ను లాగాక లివర్‌ను అరచేత్తో అదిమి పట్టుకున్నంతసేపు ఏమీ కాదు. వదిలితే నాలుగు సెకన్లు. నేను పిన్ను లాగాను. తర్వాత చెయ్యి నాది కాదు. విసరమంటే విసరలేను, వదలమంటే వదలలేను. చెమటకు లివర్ జారుతోంది. ఉస్తాద్ అరవలేదు. నా వెనక నుంచి వచ్చి తన పంజాతో నా పిడికిలిని మూసేశాడు. "ఏక్, దో" అని నెమ్మదిగా లెక్కపెట్టి, ఇద్దరి చేతులూ కలిపి ఒక్కటిగా విసిరాడు. తర్వాత నన్ను గోడ కింద నేలకు నొక్కి నా మీద తను పడుకున్నాడు. ఆ సాయంత్రం వీపు మీద పిట్టు సంచి వేసి గ్రౌండు చుట్టూ ఎన్ని చుట్లు తిప్పించాడో చెబితే నమ్మరు. మరునాడు ఆయనకు ఆ సంగతి గుర్తుంది అనుకోను. ఆయన ఉద్యోగమే అది.

సరిగ్గా ఇట్లాంటిదే, ఇంతకంటే ఘోరమైనది, మా హైదరాబాద్ సైన్యంలో ఒకసారి జరిగింది. నిజాం ఫౌజులో ఆర్దేషిర్ తారాపూర్ అని ఒక పార్శీ కుర్రాడు అఫీసరుగా ఉండేవాడు. 1923లో పుట్టాడు. జవాన్లకు గ్రెనేడ్ విసరడం నేర్పిస్తున్నప్పుడు ఒకడు సరిగ్గా విసరలేక అది తామున్న చోటే పడింది. తారాపూర్ దూకి దాన్ని చేత్తో తీసి అవతలికి విసిరాడు. గాల్లోనే పేలింది. ముక్కలు ఆయన ఛాతీలో దిగాయి. దూరం నుంచి చూస్తున్న సైన్యాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎడ్రూస్ ఆ కుర్రాణ్ని పిలిపించి మెచ్చుకున్నాడు. ఏమైనా కావాలా అంటే, పదాతి దళం నుంచి ట్యాంకుల రెజిమెంటుకు మార్చమని అడిగాడట. మార్చారు.

నిజాం ఫౌజంటే మా తాతల తరానికి మంచి జ్ఞాపకం కాదు. 1948 సెప్టెంబర్‌లో ఆ సైన్యమే భారత సైన్యానికి లొంగిపోయింది, లొంగుబాటు చేసింది ఆ ఎల్ ఎడ్రూసే. ఆ తర్వాత తారాపూర్ భారత సైన్యంలో పూనా హార్స్ రెజిమెంటుకు వచ్చాడు. 1965లో సియాల్‌కోట్ సెక్టార్‌లో ఫిలోరా దగ్గర సెప్టెంబర్ 11న మొదలైన ట్యాంకుల పోరులో దానికి కమాండింగ్ అఫీసరు. చెయ్యి గాయపడితే వెనక్కి పొమ్మన్నా పోలేదు. ఆయన రెజిమెంటు 9 ట్యాంకులు పోగొట్టుకుని శత్రువువి 60 దాకా ధ్వంసం చేసిందని ప్రభుత్వం రాసుకుంది. సెప్టెంబర్ 16న తన ట్యాంకుతో పాటే పోయాడు. పరమవీర చక్ర ఇచ్చారు. 2023 జనవరిలో అండమాన్‌లో పేర్లు లేని 21 దీవులకు పరమవీర చక్ర పొందిన 21 మంది పేర్లు పెట్టినప్పుడు ఒక దీవి ఆయన పేరు మీద వచ్చింది.

ఆ 60 ట్యాంకులు చూసి ఆయన్ను వీరుడంటారు, అనాలి కూడా. నేను మాత్రం ఆ గ్రెనేడ్ దగ్గరే ఆగిపోతాను. అక్కడ శత్రువు లేడు. యుద్ధం లేదు. దేశం కూడా అక్కడ లేదు. ఒక చేతకాని రంగ్రూటున్నాడు, నాలుగు సెకన్లున్నాయి. ఆ రంగ్రూటు పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. వాడు నాలాంటివాడు.

పిల్లలకు ఈ కథ చెబితే ఒకడు తెలివైన ప్రశ్న వేశాడు. "మరి యుద్ధం లేకపోతే మెడల్ ఇస్తరా?" ఇస్తారు. ఇది చాలామందికి తెలియదు. మన దేశంలో శౌర్య పతకాలు రెండు వరుసలు. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర ఒక వరుస, శత్రువు ఎదుట చేసిన పనికి. అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర రెండో వరుస, శత్రువు ఎదుట కాని సాహసానికి. ఈ రెండో వరుస మామూలు జనానికి కూడా రావచ్చు. జనవరి 26న, ఆగస్టు 15న ప్రకటిస్తారు. పేరు పైకి పోవడం ఎట్లాగంటే, పని చేసినవాడు తన గురించి అర్జీ పెట్టుకోడు. చూసినవాళ్లు చెప్పాలి. యూనిట్ కమాండింగ్ అఫీసరు రాయాలి. అది బ్రిగేడు, డివిజను, కోర్, కమాండ్ అనుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కి ఢిల్లీకి, చివరికి రాష్ట్రపతి దగ్గరికి పోవాలి. చూసినవాడు లేకపోతే ఆ సాహసం అక్కడే ఆగిపోతుంది. చూసినవాడు చచ్చిపోయినా అంతే. రాసే అఫీసరుకు రాయడం రాకపోతే కూడా. (నవ్వకండి. కాగితం మీద మాట కుదరక ఆగిపోయిన మంచి పనులు ఫౌజులో కొల్లలు.) అందుకే మెడల్ ఉన్నవాడు వీరుడే గాని, మెడల్ లేనివాడు కాదనుకోవడానికి లేదు.

రాష్ట్రపతి భవన్‌లో ఇచ్చిన రెండు కీర్తి చక్రలు నా మనసులో ఉండిపోయాయి. ఒకటి 2024 జూలై 5న ఇచ్చిన కెప్టెన్ అంశుమాన్ సింగ్‌ది. ఆర్మీ డాక్టరు. 2023 జూలై 19న సియాచిన్‌లో శిబిరానికి నిప్పంటుకుంటే గుడిసెలో చిక్కుకున్నవాళ్లను బయటికి తీశాడు. తర్వాత మందుల గది కాలిపోతోందని చూసి, ఆ మందులను కాపాడదామని లోపలికి పోయి తిరిగి రాలేదు. ఆయన భార్య, తల్లి వచ్చి ఆ పతకం అందుకోవడం దేశమంతా ఫోన్లలో చూసింది. రెండోది శ్రీకాకుళం జిల్లా నగిరిపెంటకు చెందిన మేజర్ మల్లా రామగోపాల్ నాయుడిది. కుప్వారాలో ఉగ్రవాదులతో పోరాడి, బతికి, తన కాళ్ల మీద నడుచుకుంటూ వచ్చి పతకం తీసుకున్నాడు. మన తెలుగువాడు. మా గ్రౌండులో పిల్లలను అడిగితే అంశుమాన్ పేరు ముగ్గురికి తెలుసు, నాయుడి పేరు ఎవరికీ తెలియదు. వాళ్ల తప్పు కాదు. బతికి వచ్చిన మనిషి గురించి వీడియో ఎవరు చేస్తారు?

చావుకూ సాహసానికీ లంకె వేసేశాం మనం. రెండింటినీ విడదీసి చూడాలని నేనంటే అమరులను తక్కువ చేస్తున్నానని కొందరు కోప్పడతారు. నేను అనేది వేరు. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు ఆయన అంగరక్షకుడు, అప్పటి చిత్తూరు జిల్లా వాడైన లాన్స్ నాయక్ సాయితేజ పోయాడు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టు మీద మంచు కూలి పదిమంది పోయారు. వాళ్లలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె ముస్తాక్ అహ్మద్ ఒకడు. వీళ్లిద్దరూ చనిపోయిన క్షణంలో ఏ సాహసమూ చేసి ఉండకపోవచ్చు. ఒకడు హెలికాప్టర్‌లో కూర్చున్నాడు, ఒకడు గుడారంలో ఉన్నాడు. కానీ 19,600 అడుగుల ఎత్తున గుడారంలో ఉండడం ఎట్లాంటిదో ఆ కొండల కిందిదాకా కిరోసిన్ మోసినవాణ్ని నాకు తెలుసు. అక్కడ నిద్రపోవడమే కష్టం, లేవడం ఇంకా కష్టం. వాళ్ల గొప్పతనం ఆ ఒక్క రోజుది కాదు, అంతకు ముందు గడిచిన ప్రతి రోజుదీ. చావు వచ్చి ఆ రోజులను మనకు చూపించింది, అంతే.

సర్కారు లెక్కలోనూ ఈ తేడా ఉంది. పోయిన జవానును బ్యాటిల్ క్యాజువాల్టీ అనో ఫిజికల్ క్యాజువాల్టీ అనో రాస్తారు. ఇంటికి రావలసిన పింఛను, సొమ్ము ఆ ఒక్క మాటను బట్టి మారతాయి. మనం నోరారా అనే 'షహీద్', 'మార్టిర్' సైన్యం పుస్తకాల్లో అసలు లేవు. 2022లో ఆర్మీ 'మార్టిర్' అన్న మాట వాడొద్దని ఉత్తరం కూడా రాసింది. మతం కోసం ప్రాణమిచ్చినవాడన్న అర్థం ఉన్న మాట అది, జవాను చావుకు సరిపోదని. మన తెలుగులో ఆ చిక్కు లేదు. అమరుడంటాం. తెలంగాణలో అయితే 1969 ఉద్యమం నుంచీ అమరవీరులంటే గన్‌పార్కు స్తూపం గుర్తొస్తుంది, వాళ్లేమీ ఫౌజులో లేరు.

మా చెరువుకట్ట కింద ఒక రాయుంది. వీరగల్లు. తెలంగాణ పల్లెల్లో ఇట్లాంటివి ఎన్నో. కత్తి పట్టుకున్న మనిషి, పైన లింగం, మధ్యలో అతన్ని పైకి తీసుకుపోతున్న ఆడవాళ్లు. చాలా అరిగిపోయింది. బోనాలప్పుడు పసుపు పూస్తారు, మిగతా రోజుల్లో పిల్లలు దాని మీదెక్కి కూర్చుంటారు. చిన్నప్పుడు నేనూ కూర్చున్నా. ఈ రాళ్లు రాజుల కోసం చచ్చినవాళ్లకే పెట్టలేదు. ఊరి ఆవుల మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం పడి చచ్చినవాడికి పెట్టారు. ఊరి మీద పడిన పులితో కలబడినవాడికి పెట్టారు. నాకు ఆ లెక్క నచ్చింది. ఎవణ్ని చంపాడని కాదు, ఎవరి కోసం అడ్డం నిలబడ్డాడని.

గల్వాన్ గురించి అడగని పిల్లవాడు లేడు. 2020 జూన్ 15 రాత్రి. సూర్యాపేట కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు, కోరుకొండ సైనిక్ స్కూలులో చదివి, 16 బీహార్ రెజిమెంటుకు కమాండింగ్ అఫీసరు అయినవాడు. సరిహద్దు దగ్గర తుపాకులు పేల్చకూడదని మనకూ చైనాకూ మధ్య 1996 నుంచి ఒప్పందం. అందుకే రాళ్లు, మేకులు కొట్టిన కర్రలు, చేతులు. కమాండింగ్ అఫీసరు అంటే వెనక నుంచి ఆజ్ఞలివ్వొచ్చు, అందులో తప్పు లేదు. ఆయన ముందు నిలబడ్డాడు. ఇరవై మంది పోయారు. మహావీర చక్ర, 2021లో. మన రాష్ట్ర ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 కోట్లు ఇచ్చింది, భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది, మిగతా పందొమ్మిది కుటుంబాలకు కూడా తలా 10 లక్షలు ప్రకటించింది. సూర్యాపేటలో విగ్రహం ఉంది. మంచిదే.

అయితే అదే రాత్రి అదే రెజిమెంటుతో ఇంకో మనిషి ఉన్నాడు. నాయక్ దీపక్ సింగ్, మధ్యప్రదేశ్ రీవా వాడు. నర్సింగ్ అసిస్టెంట్. కర్ర పట్టుకోవలసిన పని కాదు అతనిది, కట్టు కట్టడం. తలకు రాళ్లు తగులుతున్నా, తాను గాయపడినా ఒకరి తర్వాత ఒకరికి కట్టు కట్టుకుంటూ పోయాడు. ముప్ఫై మందికి పైగా బతికారని అతని వీర చక్ర ప్రశస్తిలో రాశారు. అతను బతకలేదు. పిల్లలకు ఇది చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం మారుతుంది, ఎందుకో చెబుతాను. డ్రైవరు, వంటవాడు, కంపౌండరు, ధోబీ... యుద్ధం కథల్లో మాకు వేషాలుండవు. దీపక్ సింగ్ ఆ రాత్రి ఎవణ్నీ పడగొట్టలేదు. పడినవాళ్లను లేపాడు.

పిల్లల్లో ఎక్కువమంది కూలి ఇళ్ల పిల్లలు. ఇది చెప్పుకోవలసిన సంగతి. మా మొయినాబాద్, చేవెళ్లల్లో భూమి ఉన్నవాడి కొడుకు గ్రౌండుకు రాడు. ఎకరం కోట్లు పలుకుతుంటే వాడికి సియాచిన్ ఎందుకు? 111 జీవో కట్టడాలకు అడ్డున్న కాలంలోనే చుట్టూ ఫాంహౌసులు లేచాయి. ఆ ఫాంహౌసుల్లో గడ్డి కోసేవాళ్ల పిల్లలు మా గ్రౌండులో పరుగెత్తుతారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అని ఊరుంది, మిలటరీ మాధవరమంటారు, తరతరాలుగా ఇంటింటికీ ఫౌజీ. అక్కడ ఫౌజులోకి పోవడం వంశాచారం. ఇక్కడ అది జీతం. జీతం కోసం పోయినవాడు వీరుడెట్లా అవుతాడని ఒక పెద్దమనిషి నన్ను మొహాన్నే అడిగాడు. జీతం కోసమే పోతారు సార్, నేనూ అందుకే పోయాను. అక్కడికి పోయాక పక్కవాడు దొరుకుతాడు. ఆ తర్వాత జీతం లెక్క గుర్తుండదు.

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్‌తో ఆ లెక్క కూడా మారింది. నాలుగేళ్ల ఉద్యోగం, తర్వాత నూటికి ఇరవై అయిదు మందికే కొనసాగింపు. మూడు రోజులకే సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, కాల్పుల్లో ఒక పిల్లవాడు పోయాడు. నేనైతే ఆ పద్ధతి మీద మంచి అభిప్రాయంతో లేను. ఇరవై నాలుగేళ్లు ఉంటే గాని నాకు పక్కవాడి దగ్గు విని వాడెవడో చెప్పడం రాలేదు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా మురళీ నాయక్ అగ్నివీరే. తల్లిదండ్రులు బతుకుతెరువుకు ముంబై పోయినవాళ్లు. 2025 మేలో పాకిస్తాన్ కాల్పుల్లో నియంత్రణ రేఖ దగ్గర పోయాడు. నాలుగేళ్ల కాగితం మీద సంతకం పెట్టినవాడికి భయమేమైనా తక్కువుంటుందా, నిలబడే కాలేమైనా వేరేగా ఉంటుందా?

ఇక మా పిల్లవాడి ప్రశ్న. నువ్వు హీరోవా తాతా?

ఆ పొద్దున జవాబు చెప్పలేదు. రెండు రోజులాగి, పరుగయ్యాక అందరినీ కూర్చోబెట్టి చెప్పాను.

నేను చేరిన అయిదారేళ్లకు, అక్టోబర్ చివర్లో. జోజిలా దాటి ద్రాస్ వైపు దిగుతున్నాం. అప్పుడు శక్తిమాన్ బండ్లు. కొండచరియ విరిగి దారి మూసుకుపోయి మా కాన్వాయ్ ఆలస్యమైంది. నా బండి వెనకబడింది. సాయంత్రం నాలుగింటికే మంచు కమ్మేసింది. తెల్లటి గోడ. వైపర్లు ఆడవు. హెడ్‌లైట్ వేస్తే ఆ తెలుపు ఇంకా తెల్లగా మన మొహం మీదకే వస్తుంది. కుడిపక్క కొండ, ఎడమపక్క ఏమీ లేదు, ఎక్కడో కింద నది చప్పుడు. వెనక కిరోసిన్ నిండా ఉంది. ఆగితే ఇంజను గడ్డకడుతుంది, మేమూ గడ్డకడతాం.

నా కో-డ్రైవరు బీహార్‌లో ఛప్రా వైపువాడు. సన్నగా, గాలికి పడిపోయేటట్టుండేవాడు. ఖైనీ నములుతూ ఎప్పుడూ నన్ను తిట్టేవాడు. ఏమీ మాట్లాడకుండా టార్చి తీసుకుని దిగాడు. బండి ముందు నిలబడ్డాడు. దారి వైపు కాదు, నా వైపు తిరిగి. ఎందుకంటే దారి ఎట్లాగూ కనబడదు. కనబడవలసింది నా ఎడమ టైరు, దాని పక్క అంచు. టార్చి ఆ టైరు మీద వేసి, వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఒక్కో అడుగు మడమతో తడిమి, నేల ఉందని తెలిశాక బరువు మోపుతాడు. నేల ఉంటే "ఆనే దో, ఆనే దో" అని అరుస్తాడు. నేను క్లచ్ వదులుతాను. తన వెనక ఏముందో తను చూడటం లేదు. బ్రేకు మీద నా కాలు జారితే మొదట పోయేది తను. అట్లా రెండు గంటలు. కిలోమీటరున్నరో రెండో. ఎదురుగా ఆర్మీ పోస్టు దీపం కనబడేదాకా.

చూసినవాణ్ని నేనొక్కణ్నే. నేను లాన్స్ నాయక్ కూడా కాదు అప్పటికి, రాసేవాణ్ని అసలే కాదు. మరునాడు లాగ్‌బుక్‌లో రాసింది, బండి ఆలస్యంగా చేరింది అని.

పిల్లలు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, మొదట నన్ను డ్రైవరని నవ్విన పిల్లవాడే అడిగాడు.

"మరి ఆయనకేమొచ్చింది తాతా?"

"నాలుగు రోజులు జ్వరమొచ్చింది" అన్నాను.